తుపాకి బొట్టు

మా పేట క్లబ్బు పెద్దమనుషులు యుద్ధం జరిగినన్నాళ్లూ పేకలో బేస్తు ఆడుకుని, యుద్ధం ముగిసిందని పేపర్లో చదువుకున్నాక తుపాకులు పట్టుకున్నారు. శత్రువు లేడని రూఢి అయ్యాక పుట్టే ధైర్యానికి ఎదురుండదు.

పేట అంటే నరసరావుపేట. మాది నాదెండ్ల దగ్గర వ్యవసాయ కుటుంబం. నాన్న ప్లీడరీ చదివి పేటలో కాపురం పెట్టాడు. సాయంత్రం కోర్టు నుంచి రాగానే నల్లకోటు విప్పి, కాఫీ తాగి, క్లబ్బుకు పోయేవాడు. అది ఆయనకు రెండో ఇల్లని ఊళ్లో అనుకునేవాళ్లు. అమ్మ లెక్కలో అదే మొదటిది.

క్లబ్బుకు ప్రెసిడెంటు పింఛను పుచ్చుకుంటున్న ఒక పాత డిప్యూటీ కలెక్టరు. ఆయన ఒకనాడు పేకముక్కలు బల్ల మీద బోర్లించి, "స్వరాజ్యం వచ్చేస్తోంది. తెల్లవాడు పోయాక దేశాన్ని కాపాడేదెవరు?" అని అడిగారట. ఎవరూ మాట్లాడకపోయేసరికి "మనమే" అని జవాబు కూడా ఆయనే చెప్పుకున్నారట. దాంతో ఎవరెవరికి లైసెన్సు తుపాకులున్నాయో విచారించారు. నాలుగు రైఫిళ్లు తేలాయి. ఒకటి ప్రెసిడెంటు గారిది. రెండోది చేలో పందుల్ని బెదిరించడానికి కొన్నది. మూడోది ఒకాయనకు మామగారు పెళ్లిలో పెట్టింది. దాన్ని ఆయన పెళ్లి ఫోటోలో తప్ప ఎక్కడా పట్టుకోలేదు. నాలుగోది మా ఇంటి గోడకు వేలాడుతుండేది. దాని సంగతి తర్వాత చెబుతాను.

పేట వాళ్లు తుపాకులు పట్టారని తెలియగానే గురజాల క్లబ్బు వాళ్లు ఊరుకుంటారా? వాళ్లూ పట్టారు. ఆ రెండు క్లబ్బులకూ ఒకరంటే ఒకరికి పడదు. టెన్నిసులో, పేకలో, చివరికి కలెక్టరుకు విందు ఇచ్చినప్పుడు వడ్డించిన కూరల్లో కూడా పోటీయే. ఉత్తరాలు నడిచాయి. దసరా సెలవుల్లో, మహానవమి శనివారం, విజయదశమి ఆదివారం కలిసొచ్చిన ఏడాది, దశమి పొద్దున పేటలో రైఫిలు పోటీ అని ఖాయం చేసుకున్నారు.

నాకు పెళ్లై అప్పటికి ఏడాది దాటింది. మా ఆయన గురజాలలో ప్లీడరు. సాయంత్రం పూట కూర్చోడానికి ఆ ఊళ్లో వేరే చోటు లేక ఆయనా అక్కడి క్లబ్బులో చేరారు, అక్కడి జట్టులో ఉన్నారు. పేట జట్టుకు మా నాన్న కెప్టెను. నేను పండక్కని నెల ముందే పుట్టింటికి వచ్చి ఉన్నాను. పండక్కి అల్లుణ్ణి పిలిచి బట్టలు పెట్టి కూర్చోబెట్టాల్సిన మామగారు, అల్లుణ్ణి నలుగురిలో ఎట్లా ఓడించాలా అని నెల ముందునుంచీ సాధన మొదలుపెట్టాడు. ఊరి బయట గుట్ట దగ్గరికి పోయి కాల్చుకుని, భుజం వాచి వచ్చేవాడు. అమ్మ ఉప్పు మూట వేడిచేసి కాపడం పెడుతూ "మీ నాన్న గురి తప్పే మనిషి కాదే" అనేది. అమ్మకు ఆయన మీద అంత గురి. గురి అన్న మాటకు తెలుగులో రెండు అర్థాలుండటం మా నాన్న లాంటి వాళ్లకు చానా మేలు చేసింది. ఒకటి లేకపోయినా రెండోదానితో బతికేయవచ్చు.

ఇక ఆ నాలుగో రైఫిలు. అది నాన్నది కాదు. మా మేనత్త భర్తది.

అత్త నాన్నకు అక్క. మావయ్యకు వేటంటే పిచ్చి. మాచర్ల అవతల అడవిలోకి ఎవరైనా వేటకు పోతున్నారంటే చేలో పని వదిలేసి వెంటపడేవాడట. సొంత రైఫిలు కొనుక్కోవాలని మద్రాసు పోయాడు. అక్కడ కాగితాలు కుదిరేదాకా ఏదో సత్రంలో పడి ఉండి, ఆ నీళ్లు తాగి, రైఫిలుతో పాటు టైఫాయిడ్ కూడా తెచ్చుకున్నాడు. బండి దిగిన రోజున అత్తను పిలిచి రైఫిలు చూపించి, "ఒళ్లు కాస్త కుదుటపడనీ. మన చేలో నిలబెట్టి నీ ముందే మొదటి గుండు కాలుస్తా. ఆ చప్పుడుకు కోటప్పకొండ దాకా పిట్టలు లేస్తాయి" అన్నాడట. ఒళ్లు కుదుటపడలేదు. మంచం మీద నుంచే పోయాడు. అత్తకు అప్పుడు ఇరవై నిండలేదు, పిల్లలు లేరు. పేటలో కాపురం పెట్టాక నాన్న అక్కనూ తెచ్చుకున్నాడు, రైఫిలునూ తెచ్చుకున్నాడు. రైఫిలును హాల్లో గోడకు తగిలించాడు. అక్కను వంటింట్లో పెట్టాడు.

రైఫిలు లైసెన్సు నాన్న పేరుకు మారింది. యుద్ధంలో కొన్నాళ్లు పోలీసుస్టేషనులో ఉండి తిరిగొచ్చింది. ఇన్నేళ్లలో అది అత్త వినేట్టుగా ఒక్కసారీ పేలలేదు. ఆమె రోజూ దాని కింద నుంచి నడిచేది. ఎప్పుడూ దాన్ని తాకదు. కాని దుమ్ము పడితే మాత్రం నన్ను పిలిచి "ఏమే, ఆ తుపాకి తుడువు" అని చెప్పేది.

పోటీ సంగతి తెలిసిన రోజునుంచీ అత్త అడిగింది ఒక్కటే. నాన్న భోంచేస్తుంటే, మజ్జిగ పోస్తూ, "తమ్ముడూ, నేనూ వచ్చి ఒక మూల నిలబడి చూస్తాన్రా. అది ఒకసారి పేలితే వినాలని ఉంది" అంది. నాన్న మెతుకులు కలుపుతూ ఉండిపోయాడు. మళ్లీ అడిగింది. నవమి నాడు మూడోసారి అడిగింది.

"అక్కా, విజయదశమి పూట పదిమంది పెద్దమనుషులు పూనుకుని చేసే పని. నీకు తెలియందేముంది?" అన్నాడు నాన్న.

నీకు తెలియందేముంది అనే మాట మా ఇళ్లల్లో చాలా మర్యాదగల మాట. దాని అర్థం ఏమిటంటే, నువ్వు బొట్టు లేనిదానివి, మంచి పనికి పోయేటప్పుడు నీ మొహం ఎదురు రాకూడదు అని. అంత మాట అనకుండా అనేశాడు కాబట్టి నాన్న తనను తాను సంస్కారవంతుడనుకునేవాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "అత్త చేసిన పులిహోర మూటగట్టుకుని పోతారుగా. దానికి లేని దోషం అత్తకెందుకు?" అన్నాను. "పెళ్లైన పిల్లవి, పుట్టింటికొచ్చి పెద్దంతరం చిన్నంతరం లేకుండా ఆ నోరేందే?" అని అమ్మ కసిరింది. అత్త మజ్జిగ గిన్నె లోపల పెట్టేసింది.

నవమి సాయంత్రం క్లబ్బులో ఆయుధపూజ జరిగింది. పేకాట బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి, నాలుగు రైఫిళ్లూ వరసగా పడుకోబెట్టి, బంతిపూల దండలు వేశారు. పురోహితుడు ఎన్నో ఏళ్లనుంచి నాగళ్లకూ బండ్లకూ సైకిళ్లకూ పూజ చేసినవాడే గాని, రైఫిలుకు చేయడం అదే మొదలు. గంధం గిన్నె పట్టుకుని, "బొట్టు ఎక్కడ పెట్టమంటారండీ?" అని అడిగాడు.

"ఆయుధానికి ప్రాణం ఎక్కడుంటే అక్కడ పెట్టండి" అన్నారు ప్రెసిడెంటు గారు.

ప్రాణం ఎక్కడుంటుంది? ఆ గదిలో సగం మంది ప్లీడర్లు. ఇంకేం కావాలి? ప్రాణం తూటాలో ఉంటుందని ఒకాయన వాదన దాఖలు చేశాడు. తూటా తీసేసినా తుపాకి తుపాకే కదా అని ఇంకొకాయన కొట్టిపారేశాడు. మీటలో ఉంటుందని మరొకాయన. కర్రలో ఉంటుందని పందుల తుపాకి ఆయన. ఆఖరికి మా నాన్న లేచి, ఆయుధానికి ప్రాణమంటే గురి, గురికి కన్ను గొట్టం కొసన ఉండే చిన్న గుబ్బ, కాబట్టి అదే దాని మొహం, మొహానికే బొట్టు అని తేల్చాడు. అందరూ భేష్ అన్నారు. జీవితంలో ఆయన గెలిచిన గొప్ప వాదన అదేనని ఆ రాత్రి అన్నం తింటూ మాకు చెప్పాడు.

ఆ గుబ్బ మిరియం గింజంత ఉంటుంది. గురి చూసేవాడు దాన్ని అవతల అట్ట మధ్యనున్న నల్లచుక్క కిందికి చేర్చుకుని కాల్చాలి. దానిమీద పురోహితుడు గంధంలో పసుపు కలిపి, రాలిపోకుండా కాస్త బియ్యప్పిండి కూడా కలిపి, ఉసిరికాయంత ముద్ద పెట్టి, పైన కుంకుమ అద్దాడు. తెల్లారేసరికి అది ఎండి రాయైపోయింది.

గురజాల వాళ్ల రైఫిళ్లకు ఈ ఇబ్బంది రాలేదు. వాళ్లకేదో ఎక్కువ తెలివి ఉండి కాదు. వాళ్ల ఆయుధపూజ బాధ్యత మా ఆయన మీద పెట్టారట. ఆయన బద్ధకం ఏడాదిలోనే నాకు తెలిసొచ్చింది. పెట్టెలు ఎవరు తెరుస్తారులే అని, మూసిన పెట్టెల మీదే బొట్లు పెట్టించి తీసుకొచ్చారు.

దశమి పొద్దున, రాళ్లు తవ్వి వదిలేసిన గని దగ్గర షామియానా వేశారు. రాతిగోడ ముందు ఇసుక బస్తాలు పేర్చి, వాటి ముందు గుండ్రాలు గీసిన అట్టలు నిలబెట్టారు. న్యాయనిర్ణేతగా మిషను స్కూలు డ్రిల్లు మేష్టారిని పిలిచారు. ఆయన కిరస్తానీ, ఆదివారం ప్రార్థన ముగించుకుని వచ్చేదాకా పోటీ మొదలుకాలేదు. ఆడవాళ్లకు వేరే వరసలో కుర్చీలు వేశారు. అమ్మా నేనూ, ప్రెసిడెంటు గారి భార్య, ఇంకో పదిమంది పట్టుచీరల్లో కూర్చున్నాం. అత్త ఇంట్లో, గెలిచి వచ్చే వాళ్లకోసం గారెలకు పప్పు రుబ్బుతోంది.

మనిషికి అయిదు గుళ్లు, గుండు అట్టకు తగిలితే తెల్లజెండా, తగలకపోతే ఎర్రజెండా అని డ్రిల్లు మేష్టారు ఏర్పాటు చేశాడు. ఆ సంగతి జట్లకు చెప్పాడు గాని మాకు చెప్పలేదు. పండగ పూట ఎర్రజెండా ఊగుతుంటే ఆడవాళ్లందరూ అది అమ్మవారి రంగని చప్పట్లు కొట్టారు. మా చప్పట్లన్నీ పేట క్లబ్బుకే పడ్డాయి. ఎందుకంటే ఎర్రజెండాలన్నీ వాళ్లకే వచ్చాయి.

మొదట ప్రెసిడెంటు గారు పడుకుని కాల్చారు. అట్టకు చాలా ఇవతల మట్టి లేచింది. గాలి ఎక్కువగా ఉందన్నారు. ఆకు కదలడం లేదు. తర్వాత పందుల తుపాకి ఆయన కాల్చాడు. ఆయన గుళ్లూ మట్టిలోకే పోయాయి. తూటాలు యుద్ధకాలం నాటివి, చెమ్మ పట్టాయన్నాడు. మూడో ఆయన మామగారి మీద పెట్టాడు, మంచి సరుకు ఇవ్వలేదని. ఇటు గురజాల వాళ్లు ఒకరి తర్వాత ఒకరు అట్టకు బెజ్జాలు పొడుస్తున్నారు. మా ఆయన కూడా కొట్టారు. కొట్టి, లేచి, చొక్కా దులుపుకుంటూ మామగారి వంక చూసి నవ్వారు. నాన్న మొహం కందగడ్డ అయింది.

నాన్న వంతు వచ్చింది. పడుకున్నాడు. ఒక కన్ను మూశాడు. తెరిచాడు. రెండోది మూశాడు. ఎంతసేపటికీ కాల్చడు. చివరికి లేచి కూర్చుని, "నల్లచుక్క కనపట్టంలా. కుంకం తప్ప ఏం కనపట్టంలా" అన్నాడు.

అప్పుడు తక్కిన ముగ్గురూ తమకూ కుంకుమే కనిపించిందని ఒప్పుకున్నారు. ముందే ఎందుకు చెప్పలేదంటే, అమ్మవారి బొట్టు అడ్డమని ఎట్లా అంటాం అన్నారు.

"అయితే తుడిచేయండి" అన్నాడు డ్రిల్లు మేష్టారు, ఎంతో తేలిగ్గా.

షామియానా కింద ఎవరూ కదల్లేదు. ప్రెసిడెంటు గారు ఆయనకు నెమ్మదిగా విషయం వివరించారు. ఆయుధమంటే శక్తి. నవమి నాడు పూజచేసి పెట్టిన బొట్టు. దశమి పూట శక్తి బొట్టు తుడిచినవాడి ఇంట్లో ఏ బొట్టు చెరుగుతుందో ఎవరు చెప్పగలరు? ఇంగ్లీషులో తీర్పులు రాసిన మనిషి ఈ మాటలంటూ ఆడవాళ్ల వరసలో కూర్చున్న భార్య వైపు చూశారు. ఆమె తన నుదురు తడుముకుంది.

ఎవరు తుడవాలి? పురోహితుణ్ణి అడిగారు. "నేను పెట్టేవాణ్ణే గాని తీసేవాణ్ణి కాదండీ" అన్నాడు. క్లబ్బు నౌకర్ని అడిగారు. "నాకూ పెళ్లాం ఉందయ్యా" అన్నాడు. పెళ్లి కాని గుమాస్తా ఒకడు కనపడితే వాణ్ణి పట్టుకున్నారు. "మాఘమాసంలో నాకు పెళ్లండీ, శావల్యాపురం సంబంధం ఖాయమైంది" అని వాడు చేతులు జోడించాడు. నీకు ఈ పట్టింపులు ఉండవు కదా అని డ్రిల్లు మేష్టారినే అడిగారు. ఆయన చెయ్యి చాపబోయాడు. గురజాల వైపు నుంచి మా ఆయన లేచి, న్యాయనిర్ణేత ఒక పక్షం ఆయుధాన్ని తాకకూడదని అభ్యంతరం తెలిపారు. మేష్టారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత వాచీ చూసి, పొద్దు నడినెత్తికొచ్చేలోగా కాల్చకపోతే గురజాల గెలిచినట్టే అని చెప్పాడు.

అప్పుడు ప్రెసిడెంటు గారు గొంతు తగ్గించి, "మీ అక్కగారు ఇంట్లోనే ఉంటారు కదూ?" అన్నారు నాన్నతో.

ఆ మాటకు అక్కడున్న ప్రతి మగాడి మొహంలో పెద్ద బరువు దిగినట్టు కనిపించింది. తుడిచినా పోయేదేమీ లేని మనిషి ఒకరున్నారని అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. నాన్న తల ఎత్తలేదు. నన్ను పిలిచి, "అమ్మాయ్, జట్కా తీసుకుపోయి అత్తని తీసుకురా" అన్నాడు. పోనని అందామనుకున్నాను. అయినా వెళ్లాను. ఇంకెవరైనా వెళ్లి ఆ మాట ఆమెతో ఎట్లా చెబుతారోనని వెళ్లాను.

అత్త రోలు దగ్గరే ఉంది. నన్ను చూసి, "అయిపోయిందా? గెలిచాడా?" అంది.

"లేదత్తా. నాన్న నిన్ను రమ్మంటున్నాడు."

"నన్నా? పోటీ కాడికా?"

చేతికున్న పిండి కడుక్కోకుండానే లేచింది. మళ్లీ కూర్చుని కడుక్కుంది. గదిలోకి పోయి పెట్టె తెరిచి, మడత విప్పని తెల్లచీర తీసింది. ఆ మొహంలో అంత సంతోషం నేను పుట్టాక చూళ్లేదు. అది చూసి ఓర్చుకోలేక చెప్పేశాను.

"చూడ్డానికి కాదత్తా. తుపాకి గుబ్బకు పెట్టిన బొట్టు అడ్డమొస్తోందంట. అక్కడెవరూ తుడవరంట. నిన్ను తుడవమంటున్నారు."

అత్త చీర చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. "రాబాకత్తా. ఒంట్లో బాలేదని నే పోయి చెప్తా" అన్నాను.

"ఎందుకే అబద్ధం? ఎందుకు పిలిచినా పిలిచారుగా. పేలేది ఆ తుపాకేగా" అంది. ఆ మంచి చీరే కట్టుకుని జట్కా ఎక్కింది.

మేం గని దగ్గర దిగేసరికి జనం రెండుగా చీలి దారిచ్చారు. కోర్టులో జడ్జీ వస్తే కూడా ఆ ప్లీడర్లు అంత గబగబా పక్కకు జరగరు. ఒకాయన అటు తిరిగి నిలబడ్డాడు. ఇంకొకాయన జేబులో ఏదో వెతుక్కున్నాడు. గుమాస్తా అయితే ఏకంగా షామియానా గుంజ వెనక్కి పోయాడు. నాన్న రైఫిలును బల్ల మీద పెట్టి, కళ్లు దాని మీదే ఉంచుకుని, "ఇక్కడక్కా" అని వేలితో చూపించాడు. ప్రెసిడెంటు గారు పట్టు రుమాలు తీసి ఇవ్వబోయారు.

అత్త రుమాలు తీసుకోలేదు. ఆ గుబ్బనూ, చుట్టూ ఉన్న మగవాళ్లనూ చూసింది. నేను ఆమె గొంతు నలుగురిలో వినడం అదే మొదలు.

"ఆయన పోయిన పదోనాడు నా బొట్టు తుడవడానికి ఊరు ఊరంతా వచ్చింది. ఒక్కళ్ల చెయ్యీ వణకలా. ఈ ఇనపముక్క బొట్టు తుడవడానికి ఇంతమందిలో ఒక్క మగాడు లేడా?"

అత్త చెంగు తడుపుకుని ఆ ముద్దను నానబెట్టి, బొటనవేలి గోటితో గీకి, శుభ్రంగా తుడిచేసింది. ఆ తర్వాత ఒకసారి గొట్టం పొడుగునా చెయ్యి వేసి చూసి, వెనక్కి జరిగింది.

ప్రెసిడెంటు గారు తక్కిన మూడు రైఫిళ్లూ ఆమె ముందుకు జరిపారు. "అవి మీయి. మీ ఇళ్లల్లో మాట్లాడుకోండి" అంది అత్త. ఆయన వాటిని మళ్లీ వెనక్కి జరుపుకున్నారు.

"చాలా సంతోషం అమ్మా. జట్కా ఉంది, ఇక మీరు దయచేయండి" అన్నారు ఆయన. అత్త కదల్లేదు. నాన్న దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకూడదని మెల్లగా అన్నాడు. నాకు వినపడింది. "అక్కా, ఇంటికి పో. నేను కాల్చాలి."

"కాల్చు."

"నువ్వు పోయాక కాలుస్తా. ముందు పో."

"ఏం? నేను చూస్తే గురి తప్పుద్దా?"

నాన్న జట్కావాణ్ణి దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"నా చెయ్యి పనికొచ్చింది, నా కన్ను పనికిరాదంట్రా?" అంది అత్త. ఈసారి అందరికీ వినపడేట్టే అంది. అని, ఆడవాళ్ల వరసలో నేను లేచిన కుర్చీలో పోయి కూర్చుంది. పక్కనున్న ప్రెసిడెంటు గారి భార్య గభాలున లేచి ఇంకో కుర్చీ చూసుకుంది. అమ్మ లేవలేదు. తలవంచుకుని గాజులు లెక్కబెట్టుకుంటూ ఉండిపోయింది. ఆ కాస్తకే నేను ఇవాళ్టికీ అమ్మను క్షమిస్తుంటాను.

నాన్న డ్రిల్లు మేష్టారి వైపు తిరిగి ఆడవాళ్ల వరసను ఖాళీ చేయించమన్నాడు. మేష్టారు ఎదుటి పక్షాన్ని అడిగాడు. మా ఆయన లేచి, "మాకేమీ అభ్యంతరం లేదండీ, ఆమెను కూర్చోనివ్వండి" అన్నారు. నా గుండె పొంగింది. నా మొగుడు బద్ధకస్తుడైతేనేం, మనసున్న మనిషని మురిసిపోయాను. తర్వాత అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆమె చూపు పడితే మామగారి గురి తప్పకుండా తప్పుతుందని ఆయన లెక్క వేసుకున్నారట. ఎల్ ఎల్ బీ చదివిన మనిషి. నేను ఆయనతో మాట్లాడకుండా గడిపిన మొదటి వారం అదే.

ఇక నాన్నకు దారి లేదు. కాల్చకపోతే అల్లుడి చేతిలో ఓటమి. కాలిస్తే అక్క కళ్ల ముందు కాల్చాలి. శకునానికీ పౌరుషానికీ మధ్య ఆ మనిషి నలిగిపోవడం చూస్తే ఇంకొకప్పుడైతే జాలి కలిగేదేమో. నాకు కలగలేదు. కలగాలనీ అనిపించలేదు. ఆయన పడుకుని రైఫిలు భుజానికి ఆనించుకున్నాడు. చెమట తుడుచుకున్నాడు. మళ్లీ ఆనించుకున్నాడు.

అత్త కుర్చీ అంచుకు జరిగింది. రెండు చేతులూ ఒళ్లో బిగించి పట్టుకుంది.

రైఫిలు పేలింది. గని గోడకు తగిలి ఆ చప్పుడు ఒకసారి వెనక్కి వచ్చి, అయిపోయింది. రాళ్ల మీదినుంచి నాలుగు గువ్వలు లేచి, అవతలి రాళ్ల మీద వాలాయి. తెల్లజెండా ఊగింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

నాన్న రెండో తూటా పెట్టుకుంటున్నాడు. అత్త లేచి నిలబడి, "పదవే" అంది నాతో.

"ఇంకా కాలుస్తాడత్తా, కూర్చో."

"చాల్లే. పద."

మేం వెళ్లిపోయాక నాన్న తన గుళ్లన్నీ నల్లచుక్కలోనో దాని పక్కనో దించాడట. తక్కిన మూడు రైఫిళ్లు బొట్లతోనే ఉండిపోయాయి, పేట క్లబ్బు ఓడిపోయింది. సాయంత్రం గారెలు తింటూ, తనకు గురి కుదరడం అమ్మవారి దయ అనీ, క్లబ్బు ఓడిపోవడం మాత్రం అక్క అక్కడికి వచ్చినందువల్లేననీ నాన్న తీర్పు చెప్పాడు. ఆ గారెలు ఎవరు వండారో ఆయనకు గుర్తు రాలేదు.

కాని అదంతా తర్వాత. అప్పటికి మేం జట్కాలో ఉన్నాం. రాళ్లబాట దాటేదాకా అత్త బయటికే చూస్తూ కూర్చుంది. తను గెలిచినట్టే నాకు అనిపించింది. అంతమంది మగాళ్ల నోళ్లు మూయించి, కుర్చీలో కూర్చుని, అనుకున్నది చూసి వచ్చింది కదా. ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె వినలేదు.

"ఏమే, దాని చప్పుడు అంతేనా?" అంది.

"అంతేనత్తా."

"అంతేనా? ఇంకేం లేదా?"

"ఇంకేముంటది అత్తా?"

"ఆ పాటిదానికా మీ మావయ్య మద్రాసు దాకా పోయింది?" అంది అత్త.

నవ్వుతోందేమోనని ఆమె మొహం చూశాను. చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. జట్కా ఇంటి ముందు ఆగినా దిగలేదు.